తెలుగు గిరిమిటియాల వంశమూలాల అన్వేషణ

బ్రిటిషు పాలనా కాలములో ఒప్పంద కూలీలుగా మారిషస్, నాటాల్, ఫిజీ మొదలైన దేశాలకు ఓడలలో వెళ్ళి, గడువు తీరిన తరువాత అక్కడే స్థిరపడిన తెలుగువారిని తెలుగు గిరిమిటియాలు అంటారు. 'అగ్రిమెంటు' అనే మాట జనుల నోట 'గిరిమిట్'గా మారగా, దాని నుండి గిరిమిటియా అనే పేరు వచ్చినది. వీరి సంతతివారు తమ పూర్వీకుల స్వగ్రామమును, వీలైతే కుటుంబమును గుర్తించుటకు చేసే ప్రయత్నమే వంశమూలాల అన్వేషణ. ఇందులో రెండు రకాల పత్రాలను కలిపి చదవవలసి ఉంటుంది. వలస వెళ్ళిన దేశములోని పత్రాలు వ్యక్తి పేరు, తండ్రి పేరు, కులము, ఊరు చెబుతాయి గాని ఇంటిపేరు చెప్పవు. గ్రామములోని పత్రాలలో ఇంటిపేరు, భూమి వివరాలు ఉంటాయి గాని ఊరు విడిచి వెళ్ళినవారి ప్రస్తావన సాధారణంగా ఉండదు. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పూరించుటయే ఈ పరిశోధనలో ప్రధానమైన కష్టము. ఈ వ్యాసములో బాపట్ల జిల్లాలోని పర్చూరు ప్రాంతమును ఉదాహరణగా తీసుకొని ఆ విధానము వివరించబడినది.

నేపథ్యము

బ్రిటిషు సామ్రాజ్యములోని అధిక భాగములో 1834లో బానిసత్వము రద్దు అయినది. చెరకు తోటలకు పనివారు కావలసివచ్చి, తోటల యజమానులు భారతదేశము నుండి కూలీలను తీసుకొనిపోవుట ప్రారంభించారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది మారిషస్ చేరారు. ఆ ద్వీపానికి మొత్తం మీద సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు వెళ్ళారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న చేరినది. 1911 వరకు 1,52,184 మంది నాటాల్ వెళ్ళారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుండి వెళ్ళినవారే. ఫిజీకి 1879 నుండి 1916 వరకు సుమారు 60,500 మంది వెళ్ళారు. ఫిజీకి మద్రాసు నుండి ఓడలు నడచినది మాత్రము 1903 నుండియే.

పర్చూరు పరిసరాలు నల్లరేగడి నేలలు. నేడు పత్తి, మిరప పంటలకు పేరుపొందిన ఈ మెట్ట భూములు పందొమ్మిదవ శతాబ్దములో వర్షము మీదనే ఆధారపడేవి. 1832-33లో వచ్చిన గుంటూరు కరువులో ఐదు లక్షల జనాభా గల జిల్లాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించారని అంచనా. దీనినే డొక్కల కరువు, నందన కరువు అని కూడా అంటారు. 1876-78 నాటి ధాత కరువు మద్రాసు రాజధానిలో మరింత విస్తారమైన ప్రాంతమును దెబ్బతీసినది. వానలు లేనప్పుడు భూమిలేని కూలీ కుటుంబాలు, చేతివృత్తులవారు, అప్పులలో చిక్కిన చిన్న రైతులు మేస్త్రీల మాట విని వలస పోయేవారు.

ఈ ప్రాంతము నుండి మద్రాసు చేరుటకు పడవ దారి కూడా ఉండేది. కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగ్‌హాము కాలువను కలుస్తుంది. ధాత కరువు కాలములో కరువు పనుల క్రింద బకింగ్‌హాము కాలువ తవ్వకము సాగినది. 1899లో చీరాల, ఒంగోలు మీదుగా మద్రాసుకు రైలు మార్గము పూర్తి అయినది. మద్రాసులోని వలస డిపోలో కూలీలను నమోదు చేసి, వైద్య పరీక్ష జరిపి, ఓడ ఎక్కించేవారు. ఆ నమోదే నేటి పరిశోధనకు మూలాధారము.

విదేశాలలోని పత్రాలు

ప్రతి వలసదారునికీ ఒక సంఖ్య ఇవ్వబడేది. తోట యజమాని లెక్కలలోను, ఆసుపత్రి, న్యాయస్థానము, వివాహము, మరణము మొదలైన నమోదులలోను ఆ సంఖ్య తరచుగా కనిపిస్తుంది. పేర్ల వ్రాతలో తేడాలు వచ్చినా సంఖ్య మారదు. కాబట్టి అన్వేషణలో మొదట సంపాదించవలసినది ఈ సంఖ్యను.

* నాటాల్: ఓడల వారీగా జాబితాలు ఉన్నవి. వీటిలో వలస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరము మీది గుర్తులు వ్రాయబడినవి. మూల పత్రాలు క్వాజులు-నాటాల్ రాష్ట్రములోని ప్రభుత్వ దస్తావేజుల భాండాగారములో ఉన్నవి. వీటి నుండి తయారైన సూచికలు డర్బన్‌లోని గాంధీ-లుతులీ పత్ర కేంద్రములో లభిస్తాయి.
* ఫిజీ: ఒక్కొక్క మనిషికి ఒక వలస పాసు ఉండేది. దీనిలో పై వివరాలతో పాటు ఎత్తు, దగ్గరి బంధువు పేరు, వివాహితులైతే ఎవరితో వివాహము అయినది అనే అంశాలు ఉన్నవి. ఈ పాసులు సువాలోని ఫిజీ జాతీయ పత్రాగారములో ఉన్నవి.
* మారిషస్: మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు భద్రపరచబడినవి. 1860ల తరువాత వచ్చిన అనేకుల ఛాయాచిత్రాలు కూడా ఇక్కడ ఉన్నవి. తొలి దశలో కోరంగి రేవు నుండి వెళ్ళినందువలన మారిషస్‌లో తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. కావున అక్కడి పత్రాలలో 'కోరంగి' అని ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తి గోదావరి ప్రాంతమువాడని నిర్ణయించరాదు.

ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాలలోని ఒప్పంద కూలీల పత్రాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చినది.

బర్మా, మలయా దేశాలకు వెళ్ళిన తెలుగువారి స్థితి వేరు. వారిలో అత్యధికులు కంగాణీలు, మేస్త్రీల ద్వారా వెళ్ళారు. వారికి ఇటువంటి వ్యక్తిగత పాసులు లేవు. అందువలన నాటాల్, ఫిజీ సంతతివారికి సాధ్యమైన అన్వేషణ రంగూను నుండి తిరిగివచ్చిన కుటుంబాలకు చాలా సందర్భాలలో సాధ్యపడదు.

కాలమును సరిచూచుట

కుటుంబములో చెప్పుకొనే కథలను ఓడల చరిత్రతో సరిపోల్చవలెను. నాటాల్‌కు 1866 నుండి 1874 వరకు కూలీల రాక నిలిచిపోయినది. కావున "మా ముత్తాత 1870లో కూలీగా నాటాల్ వచ్చాడు" అనే మాటలో సంవత్సరమైనా తప్పు అయివుండవలెను, లేదా ఆయన కూలీగా కాక మరొక విధంగా వచ్చి ఉండవలెను. అట్లే 1890లో మద్రాసు ఓడలో ఫిజీ చేరామనే మాట కూడా నిలువదు.

పెద్దలు కాలమును తెలుగు సంవత్సరాల పేర్లతో చెప్పినప్పుడు మరొక జాగ్రత్త అవసరము. ఈ పేర్లు 60 సంవత్సరాలకు ఒకసారి తిరిగి వస్తాయి. నందన నామ సంవత్సరము 1832లోను, 1892లోను వచ్చినది. తరముల లెక్క చూడకుండా సంవత్సరమును నిర్ణయిస్తే 60 ఏళ్ళ తేడా రాగలదు. పాసులలోని వయస్సు కూడా అంచనాయే. పుట్టిన తేదీ తెలియని మనిషిని చూచి గుమాస్తా వేసిన అంకె అది.

పర్చూరు ఉదాహరణ: జిల్లా పేరులోని మార్పులు

పాసులో పర్చూరు అనే ఊరు కనిపించినప్పటికీ, దాని ప్రక్కన వ్రాసిన జిల్లా పేరు నేటి జిల్లాతో సరిపోదు. గత రెండు శతాబ్దాలలో పర్చూరు ఈ క్రింది జిల్లాలలో ఉన్నది.

* 1859 వరకు: గుంటూరు జిల్లా
* 1859 నుండి 1904 వరకు: కృష్ణా జిల్లా (గుంటూరు, మచిలీపట్నము జిల్లాలను కలిపి ఏర్పరచినది)
* 1904 నుండి 1970 వరకు: మరల గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా
* 1970 ఫిబ్రవరి 2 నుండి: ఒంగోలు జిల్లా (1972లో ప్రకాశం జిల్లాగా పేరు మారినది)
* 2022 ఏప్రిల్ 4 నుండి: బాపట్ల జిల్లా

నాటాల్ వలస 1860 నుండి 1911 వరకు జరిగినది. అనగా దానిలో ఎక్కువ భాగము పర్చూరు కృష్ణా జిల్లాలో ఉన్న కాలమే. ఈ సంగతి తెలియనివారు పాసులో 'కిస్ట్నా' అని చూచి నేటి మచిలీపట్నము, విజయవాడ పరిసరాలలో వెదకుట సహజము. వారు వెదకుతున్న ఊరు కృష్ణా నదికి దక్షిణముగా, చీరాలకు సమీపములో ఉండవచ్చును. పర్చూరుకు నైరుతి దిక్కున ఉన్న ఒంగోలు తాలూకా విషయములో ఇంకొక చిక్కు ఉన్నది. 1904 వరకు అది నెల్లూరు జిల్లాలోనిది. కావున ఇరుగుపొరుగు ఊళ్ళ నుండి ఒకే ఓడలో వెళ్ళిన ఇద్దరు మిత్రులలో ఒకరి జిల్లా కృష్ణా అనియు, మరొకరిది నెల్లూరు అనియు వ్రాసి ఉండవచ్చును.

ఊరి పేరు విషయములో కూడా ఇట్టి శ్రద్ధయే అవసరము. తెలుగు రాని గుమాస్తా చెవికి వినిపించినట్లు ఆంగ్ల లిపిలో వ్రాసిన పేరును, మరొక శతాబ్దము తరువాత మరొకరు కంప్యూటరులో ఎక్కించారు. 'పర్చూరు', 'పరుచూరు', 'పార్చూర్', 'పర్సూర్' అనే రూపాలన్నీ ఒకే ఊరివి కావచ్చును, కాకపోవచ్చును. కావున గ్రామమును ఒంటరిగా కాక జిల్లా, తాలూకాలతో కలిపి మూడింటినీ ఒకేసారి చూడవలెను. అదే ఓడలో వరుస సంఖ్యలు గలవారి వివరాలను కూడా చదువుట మంచిది. ఒకే ఊరివారు, బంధువులు సాధారణంగా ఒకరి వెనుక ఒకరు నమోదు చేయించుకొనేవారు. ఒకరి పత్రములో చెరిగిపోయిన తాలూకా పేరు ప్రక్కవారి పత్రములో స్పష్టముగా ఉండవచ్చును.

ఇంటిపేరు సమస్య

తెలుగు కుటుంబాలను గుర్తుపట్టుటకు ముఖ్యమైన ఆధారము ఇంటిపేరు. ఓడ పత్రాలలో దీనికి స్థానము లేదు. వలసదేశాలలో ఇంటిపేరుకు బదులుగా తండ్రి పేరో, కులబిరుదమో వంశనామముగా స్థిరపడినది. దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి అనేవి వేలాది కుటుంబాల వంశనామాలు. ఇవి ఒకే వంశమునకు గుర్తు కావు. కొన్ని సందర్భాలలో కులమునకు కూడా గుర్తు కావు. డిపోలో పేరుతో పాటు కులమును మార్చి చెప్పినవారు కూడా ఉన్నారు. పాత మద్రాసు పత్రాలలో కులము అనే గడిలో 'జెంటూ' అని ఉంటే తెలుగువాడు అని మాత్రమే అర్థము.

కొన్ని కుటుంబాలు పెళ్ళిళ్ళలో, పితృకార్యములలో చెప్పుకొనుట వలన ఇంటిపేరును, గోత్రమును నిలుపుకొన్నవి. అటువంటిది ఒక్కటి దొరికినా అన్వేషణ ఎంతో సులభమవుతుంది. అయితే ఊరి పేరు మీద ఏర్పడిన ఇంటిపేర్ల విషయములో పొరపడరాదు. పరుచూరి అనే ఇంటిపేరు పరుచూరు అనే ఊరి పేరు నుండి ఏర్పడినది. ఇట్టి ఇంటిపేర్లు సాధారణంగా ఆ ఊరు విడిచి మరొక ఊరికి పోయినవారికి అక్కడివారు పెట్టినవి. అందరూ పర్చూరువారే అయిన పర్చూరులో ఆ పేరుతో ఎవరినీ వేరుగా గుర్తించలేరు కదా! కావున పరుచూరివారి ముత్తాత ఓడ ఎక్కిన నాటికి ఆ కుటుంబము ఎన్నో తరాల క్రితమే వేరొక ఊరికి చేరి ఉండవచ్చును. ఇంటిపేరులోని ఊరు, పాసులోని ఊరు వేరైతే పాసులోని ఊరినే ముందుగా వెదకవలెను.

తాత పేరును మనుమనికి పెట్టే ఆచారము ఇక్కడ ఒక ఆధారమవుతుంది. పాసులో తండ్రి పేరు అంకయ్య అని ఉండి, వలసదారుని పెద్ద కుమారునికి కూడా అదే పేరు ఉంటే ఆ పత్రము ఆ కుటుంబమునకు చెందినదనుటకు బలము చేకూరుతుంది. అదే ఆచారము వలన తాతను, మనుమనిని ఒకే మనిషిగా పొరబడే ప్రమాదము కూడా ఉన్నది.

గ్రామములో లభించే ఆధారాలు

ఊరు నిర్ణయమైన తరువాత ఈ క్రింది ఆధారాలు పరిశీలించవచ్చును.

* భూమి లెక్కలు: గుంటూరు ప్రాంతములోని పెద్ద జమీందారీలు 1840ల నాటికి ప్రభుత్వాధీనమై రైత్వారీ పద్ధతి వచ్చినది. సర్వే, సెటిల్‌మెంటు రిజిస్టర్లలో పట్టాదారుల పేర్లు ఉంటాయి. రైతు కుటుంబాలకు ఇవి ఉపయోగపడతాయి.
* ఇనాము రిజిస్టర్లు: 1858 తరువాత జరిగిన ఇనాముల విచారణలో ఆలయ సేవకులు, చేతివృత్తులవారు, వెట్టివారు మొదలైన గ్రామ సేవకుల మాన్యాలు నమోదైనవి. పట్టా భూమి లేని కుటుంబాల పేర్లు కనిపించే కొద్ది పత్రాలలో ఇవి ముఖ్యమైనవి.
* కరణము, మునసబు లెక్కలు: జనన మరణాల నమోదు గ్రామ మునసబు చేతిలో, భూమి లెక్కలు కరణము చేతిలో ఉండేవి. 1984లో ఈ వంశపారంపర్య పదవులు రద్దు అయినవి. పాత లెక్కలు కొన్ని ప్రభుత్వ కార్యాలయాలకు చేరినవి, కొన్ని ఇళ్ళలోనే ఉండిపోయినవి.
* చర్చి రిజిస్టర్లు: గుంటూరులో 1842 నుండి లూథరన్ మిషను, ఒంగోలులో 1866 నుండి అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసినవి. ధాత కరువు చివర, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. భూమి లెక్కలలో కనిపించని కుటుంబాలకు ఈ రిజిస్టర్లే తొలి లిఖిత ఆధారము కావచ్చును.
* ప్రభుత్వ పత్రాగారాలు: మద్రాసు రాజధాని కాలము నాటి వలస వ్యవహారాల దస్తావేజులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారములో ఉన్నవి.

వ్యక్తుల పేర్లతో కూడిన పాత జనగణన పత్రాలు ఇంగ్లాండులో వలె భారతదేశములో లభ్యము కావు. ఇంగ్లాండు పద్ధతికి అలవాటుపడిన పరిశోధకులు ముందుగా దీనిని గమనించవలెను.

చర్చి సంబంధము సముద్రమునకు ఇరువైపులా ఉన్న సందర్భాలు కూడా కలవు. నాటాల్‌లోని తెలుగు బాప్టిస్టుల కోరిక మేరకు 1903లో నెల్లూరు ప్రాంతము నుండి జాన్ రంగయ్య అనే ప్రబోధకుడు అక్కడికి వెళ్ళారు. ఇటువంటి సంఘాల పుస్తకాలలో సభ్యుల స్వస్థలము నమోదై ఉంటే, ఓడ జాబితాకు వెలుపల రెండవ సాక్ష్యము దొరికినట్లే.

స్త్రీల శాఖలు

వలస వెళ్ళిన స్త్రీల మూలాలను గుర్తించుట పురుషుల కంటె కష్టము. ఫిజీ వలసలో 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉండవలెనని నియమము. భర్తతో వెళ్ళినవారే కాక వితంతువులు, ఒంటరి స్త్రీలు కూడా ఓడ ఎక్కారు. డిపోలోనే వివాహమాడినవారు కూడా ఉన్నారు. కావున భర్త ఊరే భార్య ఊరు అని అనుకొనరాదు. ఆమె పాసును విడిగా తీసి ఆమె తండ్రి పేరు, గ్రామము చూడవలెను. కుటుంబ చరిత్రలలో తరచుగా వదలివేయబడే శాఖ ఇదే.

మౌఖిక ఆధారాలు, జన్యు పరీక్షలు

ఆంధ్రదేశములో కులాల గోత్రములు, వంశావళులు చెప్పి జీవించే ఆశ్రిత కులాలు ఉన్నవి. కమ్మ, రెడ్డి మొదలైన వ్యవసాయ కులాలకు పిచ్చుకుంట్లవారు, మాదిగలకు డక్కలివారు ఇట్టివారు. వీరు చెప్పే వంశావళి దాతను గౌరవించుటకు చెప్పేది. అది అన్వేషణకు దారి చూపగలదు గాని, పత్రముతో సరిపోల్చకుండా నిర్ధారణగా గ్రహించరాదు.

ఇటీవలి కాలములో జన్యు పరీక్షల వాడుక పెరిగినది. ఇవి దగ్గరి బంధుత్వమును బాగుగా చూపగలవు. అయితే స్వకులములోనే వివాహాలు, మేనరికాలు తరతరాలుగా జరిగిన సమాజాలలో దూరపు బంధువులు కూడా దగ్గరి బంధువులవలె కనిపిస్తారు. పరీక్ష చూపిన దగ్గరితనమును ఉన్నదాని కంటె ఎక్కువగా గ్రహించే ప్రమాదము ఉన్నది.

పౌరసత్వ సంబంధమైన ప్రాముఖ్యము

ఈ పత్రాల విలువ భావోద్వేగములకే పరిమితము కాదు. ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డు (ఒ.సి.ఐ.) కోరేవారు తమ భారతీయ మూలమును పత్రాలతో నిరూపించవలెను. సాధారణ నియమము ప్రకారము ఈ అర్హత నాలుగవ తరము వరకే ఉన్నది. 1860లలో వెళ్ళినవారి సంతతి ఆ హద్దు దాటిపోయినది. 2024 మార్చిలో భారత రాష్ట్రపతి మారిషస్ పర్యటన సందర్భముగా, ఆ దేశములోని ఏడవ తరము వారికి కూడా ఈ అవకాశము కల్పిస్తున్నట్లు ప్రకటించబడినది. ముత్తాత తాత పేరు గల ఒక పాత కాగితము దొరకుట, దొరకకపోవుట మీద ఇట్టి హక్కు ఆధారపడి ఉన్నది.

ప్రవాస భారతీయ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2008లో మూలాల అన్వేషణ కొరకు ఒక పథకమును ప్రారంభించినది. 2016లో ఆ శాఖ విదేశాంగ మంత్రిత్వ శాఖలో విలీనమైనది.

పరిమితులు

చాలా సందర్భాలలో ఈ అన్వేషణ గ్రామము వరకు మాత్రమే చేరుతుంది. పేరు, తండ్రి పేరు, కులము, ఊరు కలిసినంత మాత్రాన నేడు ఆ ఊరిలో ఉన్న ఒక కుటుంబమును బంధువులుగా నిర్ధారించలేము. వెంకయ్య కుమారుడు రామయ్యలు ఒకే ఊరిలో ఒకే కాలములో నలుగురైదుగురు ఉండుట అరుదు కాదు. దూరదేశము నుండి ఆశతో వచ్చినవారికి ఎవరో ఒక కుటుంబమును చూపి పంపుట తేలిక. దాని వలన తప్పుడు వంశవృక్షము ఒకటి తరువాతి తరాలకు సత్యముగా మిగిలిపోతుంది. వంశవృక్షము వ్రాసేవారు పత్రము వలన తెలిసినదానిని, పెద్దలు చెప్పినదానిని, ఊహించినదానిని వేరువేరుగా గుర్తించి ఉంచుట మంచిది. కుటుంబము తేలకపోయినను, ఊరు నిశ్చయముగా తెలియుట కూడా ఒక ఫలితమే. ఓడ ఎక్కిన మనిషి గుమాస్తాకు తన నోటితో చెప్పిన ఊరు అది.

ఇవి కూడా చూడండి

* పర్చూరు
* గుంటూరు కరువు
* బకింగ్‌హాము కాలువ
* మారిషస్‌లో తెలుగువారు
* తెలుగువారి ఇంటిపేర్లు